కాదనైనా చెప్పండి, తేదీ వేసి చెప్పండి

విదేశీ చదువుల రుణాలకు నియమాలు రాసే బ్యాంకు ఉన్నతాధికారులకు ఒక లెక్కల టీచరు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. పల్నాడు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను లెక్కలు చెబుతాను. బారువడ్డీ, చక్రవడ్డీ, కాలము–పని లెక్కలు ఇరవై మూడేళ్లుగా పిల్లల చేత చేయిస్తున్నాను. "పది మంది ఒక పనిని ఆరు రోజుల్లో చేస్తే" అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఆ పని బ్యాంకులో పని అయితే జవాబు ఎంత వస్తుందో మాత్రం ఈ వేసవిలోనే తెలిసింది.

మా పెద్దమ్మాయికి జర్మనీలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. సీటు వచ్చింది. 2025 మే 30న మీ బ్యాంకుల్లో ఒకదాని శాఖలో విద్యారుణానికి దరఖాస్తు ఇచ్చాను. జూలై 16న అదే శాఖలో పదమూడు కాసుల బంగారం కుదువ పెట్టి డబ్బు తీసుకున్నాను. మధ్యలో గడిచినవి 47 రోజులు. ఆ 47 రోజుల్లో నా దరఖాస్తు మీద ఇస్తామని గానీ ఇవ్వమని గానీ ఒక్క అక్షరం కాగితం మీదికి రాలేదు. బంగారం మీద అప్పు నలభై నిమిషాల్లో చేతికొచ్చింది.

బ్యాంకు పేరు, శాఖ పేరు రాయను. అక్కడ కూర్చున్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లలో ఒకరి అబ్బాయికి నేనే ఎక్కాలు నేర్పాను. ఇది ఆ ఒక్క శాఖ సంగతే అయితే సాయంత్రం వాళ్లింటికి వెళ్లి అరుగు మీద కూర్చుని అడిగేదాన్ని. ఇంత లేఖ రాసేదాన్ని కాదు.

వడ్డీ తగ్గించమని నేను అడగడం లేదు. హామీ లేకుండా లక్షలు ఇమ్మనీ అడగడం లేదు. ఇవ్వలేమనుకుంటే ఇవ్వలేమని కాగితం మీద, తేదీ వేసి చెప్పండి. నా అర్జీ ఇంతే.

ముందు జర్మనీ లెక్క చెబుతాను. మా శాఖలో అందరూ తడబడింది అక్కడే. ఆ దేశంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి చదువు ఫీజు లేదు. సెమిస్టరుకోసారి కొంత చందా కడితే సరిపోతుంది. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి మన వంటి దేశాల పిల్లల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా ఇటీవల ఫీజు పెట్టింది. మా అమ్మాయికి వచ్చిన చోట ఫీజు లేదు. ఫీజు లేకపోయినా అక్కడ ఏడాది పాటు తిండికీ అద్దెకూ సరిపడా డబ్బు ఉందని వీసాకు ముందే చూపించాలి. చూపించడమంటే పాసుపుస్తకం జిరాక్సు ఇవ్వడం కాదు. విద్యార్థి పేరు మీద ఒక ప్రత్యేక ఖాతా తెరిచి, ఏడాది డబ్బంతా ఒకేసారి అందులో వేసేయాలి. దాన్ని పిల్లలు బ్లాక్డ్ అకౌంట్ అంటారు. డబ్బు మనదే, తాళం మాత్రం వాళ్లది. అక్కడికి చేరాక నెలకు 992 యూరోలు వదులుతారు. 2024 సెప్టెంబరుకు ముందు నెలకు 934గా ఉండేది. 992ను పన్నెండుతో గుణిస్తే 11,904 యూరోలు. లెక్క తేలికగా ఉండటానికి యూరో వంద రూపాయలనుకుందాం, అప్పట్లో దగ్గర దగ్గర అంతే ఉండేది కూడా. పదకొండు లక్షల తొంభై వేల నాలుగు వందల రూపాయలు.

ఇప్పుడు మీ దరఖాస్తు ఫారం తీయండి. అందులో కోర్సు ఫీజు ఎంత, మొదటి ఏడాది ఎంత, రెండో ఏడాది ఎంత అని గళ్లున్నాయి. అమ్మాయి అడ్మిషన్ పత్రం చూసి ఫీల్డ్ ఆఫీసరుగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఫీజు సున్నా అని ఉంది మేడమ్. ఫీజే లేనప్పుడు లోను దేనికి?"

బ్లాక్డ్ అకౌంట్ గురించి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు, అది అబద్ధం చెప్పకూడదు. విని, "అంటే ఇది డిపాజిట్టు అన్నమాట. డిపాజిట్టు వేసుకోవడానికి మేం అప్పివ్వం కదా" అన్నారు. ఆయన తప్పు లేదు, ఫారంలో ఆ గడి లేదు. కానీ మీరంతా ఆధారంగా పెట్టుకున్న నమూనా విద్యారుణ పథకాన్ని ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ 2001లో తయారు చేసింది. అందులో ఫీజులతో పాటు హాస్టలు ఖర్చులు, ప్రయాణ ఖర్చులు, పుస్తకాలు, కంప్యూటరు, చదువు పూర్తి కావడానికి అవసరమైన ఇతర ఖర్చులు కూడా ఉన్నాయి. ఏడాది తిండి ఖర్చు ముందే చూపించకపోతే వీసా రాదు, వీసా రాకపోతే చదువే లేదు. చదువు పూర్తి కావడానికి ఇంతకంటే అవసరమైన ఖర్చు ఏముంటుందో నాకు తట్టలేదు.

పోనీ, అది ఒప్పుకున్నారనుకుందాం. మేనేజరుగారు ఇంకో మాట అన్నారు. "వీసా రానివ్వండి టీచరుగారూ, వచ్చాక డబ్బు విడుదల చేస్తాం." ఖాతాలో డబ్బు లేనిదే వీసా లేదు, వీసా లేనిదే డబ్బు లేదు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్న సామెత మా అమ్మమ్మ నోట ఎన్నోసార్లు విన్నాను గానీ, దాన్ని నియమంగా పాటించే చోటొకటి ఉంటుందని అనుకోలేదు.

తర్వాత హామీ. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు కావాలన్నారు. న్యాయమే. ప్రజల డబ్బు, ఊరికే ఇవ్వరు. మాకు రెండు ఆస్తులున్నాయి, మా వారి మూడెకరాల పొలం, మేముంటున్న ఇల్లు. పొలాన్ని తాకట్టుకు తీసుకోం అన్నారు. ఎందుకు తీసుకోరో అప్పుడెవరూ చెప్పలేదు, తర్వాత నేనే తెలుసుకున్నాను. బాకీ తీర్చకపోతే కోర్టు గడప తొక్కకుండా తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు ఇచ్చింది 2002 నాటి సర్ఫేసీ చట్టం. అదే చట్టం 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని దాని పరిధి నుంచి తప్పించింది. రైతుకు రక్షణగా పెట్టిన మాట అది. ఆ రక్షణే రైతు కూతురికి అడ్డు పడుతుందని రాసినవాళ్లు ఊహించి ఉండరు. మా వారికి ఇది ఎంత చెప్పినా మింగుడు పడలేదు. "మిర్చికి అప్పు ఇచ్చేటప్పుడు ఇదే పాసుపుస్తకం తీసుకుని లోపల పెట్టుకున్నారు కదా" అంటారు. తామరపురుగు తినేసిన మిర్చికి నమ్మి ఇచ్చిన అప్పు, మొదటి శ్రేణిలో పాసైన పిల్లకు నమ్మి ఇవ్వలేరా అన్నది ఆయన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

ఇక ఇల్లు. అది గ్రామకంఠంలో, అంటే ఊరి పాత నివాస స్థలంలో ఉంది. మా మామగారి తాతగారు కట్టిన ఇల్లు. పన్ను రసీదులు ఉన్నాయి, కరెంటు బిల్లు ఉంది, పెరట్లో ఆయన నాటిన కొబ్బరిచెట్టుంది. రిజిస్టరైన దస్తావేజు లేదు, అంతకు ముందరి యజమానుల నుంచి వచ్చిన లింకు డాక్యుమెంట్లు లేవు. గ్రామకంఠంలో ఎవరికీ ఉండవు. ఊరు పుట్టినప్పుడు జనం ఇళ్లు కట్టుకున్నారు, రిజిస్ట్రారు ఆఫీసు తర్వాత వచ్చింది. ఇలాంటి ఇళ్లకు యాజమాన్య కార్డులివ్వడానికే కేంద్రం 2020లో స్వామిత్వ పథకం పెట్టింది. మా ఇంటికి ఆ కార్డు ఇంకా రాలేదు. కాబట్టి మా ఇల్లు మీ దృష్టిలో లేనట్టే. ఇదంతా నియమమే అయితే నియమమనే చెప్పండి, నేను కాదనను. పొలం చెల్లదు, ఇల్లు చెల్లదు, ఏడున్నర లక్షలకు మించి రాదు అని మే 30నే చెప్పి ఉంటే జూన్ మొదటి వారంలోనే నేను వేరే దారి చూసుకునేదాన్ని. ఆ మాటలు నాకు నాలుగు విడతల్లో, నాలుగు వేరు వేరు నోళ్ల నుంచి తెలిశాయి.

పాఠ్యప్రణాళిక రాసుకునే డైరీలోనే ఈ వివరాలు కూడా రాసుకున్నాను. చూసి రాస్తున్నాను.

జూన్ 3. ఆధార్, పాన్, మూడు నెలల జీతం స్లిప్పులు అడిగారు. ఇచ్చాను. జూన్ 9. రెండేళ్ల ఫారం-16 కావాలన్నారు. ఇది మొన్ననే చెప్పి ఉండొచ్చు. జూన్ 12న బడులు తెరిచారు, అక్కడి నుంచి ప్రతి రాకా ఒక క్యాజువల్ లీవు. జూన్ 19. మీ ఇల్లు మా సర్వీస్ ఏరియా కాదు, మీ ఊరి బ్యాంకుకే వెళ్లండి అన్నారు. బడి ఒక మండలంలో, ఇల్లు ఇంకో మండలంలో ఉంది మరి. విద్యారుణానికి సర్వీస్ ఏరియా అడ్డం చెప్పకూడదని రిజర్వు బ్యాంకు 2012 నవంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు, తెలిసినా అక్కడ అనే ధైర్యం ఉండేది కాదేమో. నెత్తి మీద పని పెట్టుకుని వెళ్లినవాళ్లు సర్క్యులర్లు చదివి వినిపించలేరు. జూన్ 24. ఇంటి లింకు డాక్యుమెంట్లు. జూలై 2. ఫైలు రీజినల్ ఆఫీసుకు పంపామన్నారు. జూలై 8. పాత ఆఫీసరుగారికి బదిలీ అయింది, కొత్తగా వచ్చినాయనకు నా ఫైలు కనిపించలేదు. రీజినల్ ఆఫీసుకు వెళ్లిన ఫైలు ఇక్కడ ఎలా కనిపిస్తుందని నేనడగలేదు, వెళ్లలేదని అప్పుడే అర్థమైంది.

వీసా అపాయింట్‌మెంటు జూలై 25న. ఆలోపు డబ్బు జర్మనీ చేరాలి, చేరిందని ధ్రువపత్రం రావాలి, దాన్ని ముద్రించుకుని హైదరాబాద్ వెళ్లాలి. జూలై 8 రాత్రి అమ్మాయి కంప్యూటరు మూసేసి వచ్చి నా పక్కన కూర్చుంది. "అమ్మా, వచ్చే ఏడాది వెళ్తాలే" అంది. చెయ్యి చెమట పట్టి ఉంది. ఈ వాక్యం రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాయకపోతే 47 అన్నది మీకు ఒక అంకె మాత్రమే అవుతుందని రాశాను.

జూలై 16 ఉదయం బంగారం పట్టుకుని వెళ్లాను. నా హారం, రెండు జతల గాజులు, అమ్మాయి పెళ్లికని దాచిన గొలుసులు. మదింపు చేసే ఆయన కిటికీ పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చుంటారు. ఒక్కో నగా తీసి గీటురాయి మీద గీసి, గాజు పుల్లతో ఒక చుక్క ఆమ్లం వేసి, గీత చెరుగుతుందా లేదా అని వెలుతురుకు ఎత్తి చూశారు. కాటా మీద పెట్టి బరువు పైకి చదివారు. పూసల బరువు తీసేసి ఎంతో చెప్పారు. నాకు ఏది చెల్లిందో ఏది చెల్లలేదో, ఎందుకు చెల్లలేదో నా కళ్ల ముందే తేలిపోయింది. ఒక గొలుసు కొక్కెం చెల్లదని పక్కన పెట్టేశారు. అది పావు నిమిషంలో జరిగింది, నాకు కోపమూ రాలేదు. కాదనడం ఇంత తేలికా అనిపించింది. ఏడు లక్షలు ఖాతాలో పడ్డాయి. మిగతాది చిట్టీ పాడిన డబ్బు, మా తమ్ముడు ఇచ్చినది.

అప్పటి నుంచి కౌంటరు మారింది గానీ కథ మారలేదు. విదేశాలకు డబ్బు పంపే చోట ఏ2 ఫారం నింపాను. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు, మాకు ఆ హద్దుతో పనిలేదు. మాకు పని పడింది మూలంలో వసూలు చేసే పన్నుతో. 2025 ఏప్రిల్ నుంచి అప్పుడున్న నియమం ఇది: చదువు కోసం సొంత డబ్బు పంపితే ఏడాదికి పది లక్షలు దాటిన భాగం మీద 5 శాతం ఈ పన్ను (టీసీఎస్) తీసుకునేవారు. విద్యారుణం డబ్బయితే సున్నా. నా లెక్కలో పది లక్షల పైన 1,90,400 ఉంది. దాని మీద 5 శాతం అంటే 9,520 రూపాయలు. మీరు అవునని ఉంటే ఇది పడేది కాదు. ఇది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు. 2024 అక్టోబరు నుంచి ఉద్యోగులు ఒక ఫారం ఇచ్చి జీతంలో కోసే పన్నులోనే సర్దించుకోవచ్చు కూడా. నాకు జీతం ఉంది కాబట్టి సర్దుకుంటాను. అదే డబ్బు మా వారి ఖాతా నుంచి వెళ్లి ఉంటే, పన్ను కట్టేంత ఆదాయం లేని మనిషి ఆ 9,520 వెనక్కి తెచ్చుకోవడానికి జన్మలో మొదటిసారి రిటర్ను వేయాల్సి వచ్చేది. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ వేరే, అది నా లెక్కకు 1,024 రూపాయలు వచ్చింది, దానికి పేచీ లేదు.

పేచీ పద్దెనిమిది యూరోల దగ్గర వచ్చింది. పంపింది సరిగ్గా 11,904. చేరింది 11,886. దారిలో ఉన్న మధ్యవర్తి బ్యాంకు తన ఛార్జీ తను తీసుకుంది. ఫారంలో ఆ ఛార్జీలు పంపేవారు భరిస్తారా, అందుకునేవారు భరిస్తారా అని ఒక గడి ఉందట. దాన్ని నన్ను అడక్కుండానే నింపారు, అలా ఒక గడి ఉందని కూడా నాకు చెప్పలేదు. మామూలు ఖాతాకు పంపితే పద్దెనిమిది యూరోలు పెద్ద విషయం కాదు. బ్లాక్డ్ అకౌంటులో ఒక్క యూరో తగ్గినా ధ్రువపత్రం రాదు. మళ్లీ పద్దెనిమిది యూరోలు పంపుదామంటే దాని మీదా ఛార్జీలు, దారిలో మళ్లీ కోత, మళ్లీ మూడు రోజులు. అక్కడ చదువుతున్న సీనియర్ అమ్మాయి ఒకామె తన ఖాతా నుంచి ఆ తక్కువ పడింది వేసి గట్టెక్కించింది. ధ్రువపత్రం జూలై 23 రాత్రి వచ్చింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఖాతా నడిపేవాళ్లు కూడా మమ్మల్ని కాదన్నారు. మీ ఖాతాలో 18 యూరోలు తక్కువ, అవి చేరిన తర్వాత ఇన్ని పనిదినాల్లో పత్రం ఇస్తామని ఈమెయిల్ రాశారు. కాదన్న మాటలోనే చేయాల్సిన పని ఉంది.

మీ మౌనానికి మాకు పడిన ఖరీదు 9,520 రూపాయలతో ఆగలేదు. విద్యారుణం వచ్చి ఉంటే చదువుకునే కాలమంతా, ఆ తర్వాత ఇంకో ఏడాది వాయిదాలు కట్టనక్కర లేదు. తీర్చడానికి పదిహేనేళ్ల వరకు గడువుండేది. పాత పద్ధతిలో పన్ను కట్టేవారికి వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు ఎనిమిదేళ్లు దొరుకుతుంది. బంగారం అప్పుకు ఇవేవీ లేవు. మా అప్పు గడువు పన్నెండు నెలలు. వచ్చే జూలైలో అమ్మాయి రెండేళ్ల చదువులో సగంలో ఉంటుంది, నేను వడ్డీ కట్టి తిరగరాయించుకోవడానికి అదే కిటికీ దగ్గర నిలబడతాను. ఒకే అవసరం, ఒకే శాఖ, ఒకే మనిషి. ఉద్యోగం వచ్చాక పిల్ల తీర్చుకోవాల్సిన అప్పు తల్లి మెడలోంచి తీరుతోంది.

ఈ మౌనం మీద బతికేవాళ్లు కూడా ఉన్నారని మీకు తెలిసే ఉంటుంది. మా స్టాఫ్ రూములో ఒక మాస్టారి అబ్బాయి ఇంగ్లండు వెళ్లాడు. అక్కడ పద్ధతి వేరు, కావలసిన మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉందని చూపిస్తే చాలు. కన్సల్టెన్సీ అతను ఇంటికే వచ్చి, "ఫండ్స్ సంగతి మాకొదిలేయండి మాస్టారూ, 28 రోజులు మేం పెడతాం, నూటికి ఇంత" అన్నాడట. డబ్బు వచ్చింది, 28 రోజులు ఖాతాలో నిద్రపోయింది, లేచి వెళ్లిపోయింది. కమీషను మాత్రం మాస్టారి జీతంలోంచి పోయింది. కుర్రాడు అక్కడ దిగేసరికి ఖాతాలో మిగిలిందెంతో మాస్టారు మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. తప్పుడు పని అని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ ఆ కన్సల్టెన్సీ అతను మొదటి రోజే తేదీ చెప్పాడు, చెప్పిన తేదీకి చేశాడు. మీ శాఖలతో అతను పోటీ పడుతున్నది వడ్డీ రేటుతో కాదండీ.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. నమూనా పథకంలోనే విద్యారుణం దరఖాస్తును 15 నుంచి 30 రోజుల్లో తేల్చాలని ఉంది. రిజర్వు బ్యాంకు 2003లో రుణదాతలకు న్యాయమైన పద్ధతుల నియమావళి ఇచ్చింది. చిన్న రుణాల దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలని అందులో ఉంది. 2007 మార్చిలో దాన్ని ఎంత మొత్తమైనా సరే అన్ని రుణాలకూ వర్తింపజేసింది. అంటే నేను వరమేమీ అడగడం లేదు, 2007లో ఇచ్చినదాన్నే అడుగుతున్నాను. పాతిక లక్షల వరకు విద్యారుణాలు మీకు ప్రాధాన్య రంగం, అంటే బ్యాంకులు తప్పనిసరిగా ఇంత అని అప్పులివ్వాల్సిన రంగాల లెక్కలోకి కూడా వస్తాయి. మరి శాఖలో ఎందుకు కాదనరు? నాకు తోచినది చెబుతాను. విద్యారుణాన్ని శాఖ మేనేజరు తనంతట తాను తిరస్కరించకూడదు, పై అధికారి సమ్మతి ఉండాలి. విద్యార్థి మేలు కోరి పెట్టిన నియమమే. కానీ దానివల్ల కాదనడం కూడా ఒక పనైంది. ఫైలు కట్టాలి, కారణం రాయాలి, పైకి పంపాలి, వాళ్లడిగిన దానికి జవాబివ్వాలి. ఏమీ చెప్పకుండా ఇంకో కాగితం తెమ్మంటే ఆ పనేదీ లేదు. దరఖాస్తు పెట్టినవాళ్లే విసిగి వెళ్లిపోతారు. మీ నివేదికల్లో తిరస్కరణలు తక్కువగా కనిపిస్తాయి. నా దరఖాస్తు ఇప్పుడు మీ పుస్తకాల్లో ఏ గడిలో ఉందో చూడండి. తిరస్కరించినట్టు ఉండదు, నన్నెవరూ తిరస్కరించలేదు. మంజూరైనట్టూ ఉండదు.

ఇదే జర్మనీకి, ఇదే బ్లాక్డ్ అకౌంటుకు, వీసాకు ముందే డబ్బు వేసిన శాఖలు కూడా ఉన్నాయి. అమ్మాయితో పాటు వెళ్లిన కుర్రాడొకడికి వాళ్ల ఊళ్లో అలాగే ఇచ్చారు. అక్కడి మేనేజరుకు అంతకు ముందు ఏడాది ఇలాంటి కేసు ఒకటి తగిలిందట, అంతే. ఒక రాష్ట్రంలో, ఒకే నియమం కింద, మేనేజరుకు ముందు తగిలిన కేసు మీద పిల్లల చదువు ఆధారపడకూడదు కదా. మీ ఫారంలో ఒక గడి పెంచండి, "వీసాకు ముందు విదేశీ ఖాతాలో జమ చేయాల్సిన మొత్తం" అని. దరఖాస్తు తీసుకున్న రోజే కావలసిన కాగితాల జాబితా అంతా ఒకేసారి ఇవ్వండి. ఏ ఆస్తి చెల్లదో దాని మీదే అచ్చు వేయండి. గ్రామకంఠం ఇల్లు, సాగుభూమి అని రెండు మాటలు తెలుగులో రాస్తే మా జిల్లాలో సగం మంది ఆటో ఖర్చు మిగులుతుంది.

అమ్మాయి సెప్టెంబరు చివర్లో వెళ్లింది. వెళ్లాక ఇంకో చిక్కు వచ్చింది గానీ దాన్ని క్లుప్తంగా చెబుతాను. ఇక్కడి ఖాతాలో ఆమెకు 38,000 రూపాయలున్నాయి. అక్కడి ఫోనులో ఇక్కడి సిమ్ముకు ఓటీపీ రావడం లేదు. నంబరు మార్చమని అడిగితే ఖాతాదారు స్వయంగా హోమ్ బ్రాంచికి రావాలన్నారు. విమానం టిక్కెట్టు 38,000 కంటే ఎక్కువ. చదువుకు విదేశం వెళ్లిన విద్యార్థిని ప్రవాసిగా లెక్కించాలని, ఆ సౌకర్యాలన్నీ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2003 నుంచే చెబుతోంది. ఖాతాను వెళ్లేముందే ఎన్ఆర్ఓగా, అంటే ప్రవాసుల రూపాయి ఖాతాగా మార్పించుకోవాల్సిందని నాకు తర్వాత తెలిసింది. వెళ్లేముందు నేనే శాఖలో అడిగాను కూడా. "స్టూడెంటే కదా మేడమ్, అవసరం లేదు" అన్నారు. ఈ లేఖ చదివే తల్లిదండ్రులెవరైనా ఉంటే ఆ పని మాత్రం ముందే చేయించండి.

అక్కడ నివాస అనుమతి పొడిగించాలంటే రెండో ఏడాదికి కూడా డబ్బుందని మళ్లీ చూపించాలి. కాబట్టి నేను మళ్లీ వస్తాను. ఈసారి మే చివరి దాకా ఆగను, ఏప్రిల్ మొదటి వారంలోనే వస్తాను, పరీక్షల పేపర్లు దిద్దడం అయిపోగానే. దరఖాస్తు రెండు ప్రతులు తెస్తాను. ఒకటి మీరు ఉంచుకుని, రెండోదాని మీద ఆ రోజు తేదీ, దరఖాస్తు నంబరు వేసి, ముద్ర కొట్టి నా చేతికి ఇవ్వండి. ఆ కింద ఫలానా తేదీలోపు జవాబు చెబుతామని ఒక వరుస రాయండి. జవాబు కాదనే అయితే ఆ తేదీకే కాదనండి. బంగారం విడిపించాలా, తిరగరాయించాలా అన్నది నేను జూలైలోపు తేల్చుకోవాలి.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
పల్నాడు జిల్లా